గుండీలు కుట్టని చొక్కా

ఆ సినిమా నేను పదకొండుసార్లు చూశాను. "ఆ నరుకుళ్లు సూసేదానికి ఇంత పిచ్చేంది నీకు?" అని మా ఆవిడ మొత్తుకునేది. నరుకుళ్ల కోసం కాదు. ఏడుగుర్ని నరికిన అన్న, చచ్చిపోయిన తమ్ముడి ఒంటిమీది నెత్తురు తుడిచి, పండక్కని తెచ్చిన కొత్త చొక్కా తొడిగి, ఒక్కొక్క గుండీ పెడతాడు. మాటలుండవు. ఆ సీనుకు ప్రతిసారీ ఏడ్చేవాణ్ని. ఏడ్చి ఇంటికొస్తే హాయిగా ఉండేది, దాచుకోవడమెందుకు.

చిత్తూరు బజారులో నాది విత్తనాల అంగడి. పక్కది టైలరు సాయిబుది. ముప్పయ్యేళ్ల స్నేహం. పోరుపెట్టి ఒకసారి అతన్నీ తీసుకుపోయాను. కొట్లాటలప్పుడు గుర్రుపెట్టి నిద్రపోయాడు. నా సీను దగ్గర మాత్రం లేచి కూర్చున్నాడు.

"పీనిగ సేతులు అట్ల వంగుతాయా అప్పా? ఎనకాల కత్తిరించకుండా సొక్కా యాడ తొడిగేది? ఈ కత తీసినోడికి కుట్టుపని తెలీదు," అన్నాడు బయటికొచ్చాక.

నాకు ఒళ్లు మండింది. వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

పోయిన రంజాన్‌కు నాలుగు రోజుల ముందు, పొద్దున్నే, సాయిబు ఇంట్లో గుండె ఆగి పోయాడు. పండక్కని తనకోసం కుట్టుకున్న తెల్ల చొక్కా అంగట్లో వేలాడుతోంది. గుండీలు కుట్టడమొక్కటే మిగిలింది. తాళంచెవి ఒకటి ఎప్పుడూ నా దగ్గరుండేది. తలుపు తీసి, అతని ముక్కాలిపీట మీద కూర్చుని, సూదిపోట్లు తింటూ ఆరు గుండీలూ నేనే కుట్టాను. నా చేత్తో తొడగాలని ఒకటే తపన. సినిమా తలకెక్కితే ఇంతే.

ఇంటికి పోయేసరికి స్నానం చేయించేశారు. సాయిబు వాళ్లన్న నా చేతిలోని చొక్కా చూసి, నా భుజం మీద చెయ్యేశాడు.

"కుట్టిన బట్ట మాకు కడాన ఎయ్యరప్పా. మూడు తెల్ల గుడ్డలే సుట్టేది. సూది తగిలిందేదీ పోదు."

ఆ ఇంట్లో పెళ్లిళ్లకు పోయాను. ప్రతి పండక్కీ సేమియా తిన్నాను. చావులకు మాత్రం వీధిలోనే నిలబడి, చెప్పులు కూడా విడవకుండా వచ్చేసేవాణ్ని. ముప్పయ్యేళ్లలో నాకు తెలిసింది అంతే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మగవాళ్లు అతన్ని ఎత్తుకుని కదిలారు. చొక్కా పట్టుకుని నేను వాకిట్లోనే నిలబడిపోయాను. అతని దగ్గరే పని నేర్చుకున్న కూతురు, ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో వచ్చి, చొక్కా అందుకుని తిప్పి చూసింది.

"ఈ గుండీలు నువ్వే కుట్టినావా మామా?"

"ఔ తల్లీ."

"అబ్బాజాన్ సూసింటే, ఇప్పేసి మళ్లా కుట్టింటాడు."

లోపలికి పోయి సూదీ దారం తెచ్చుకుంది. గడప మీద కూర్చుని, నా గుండీలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. వీధిలో, అందరూ చూస్తుండగా ఏడ్చాను.