కొసరు బిస్కెట్టు

బిస్కెట్టు ప్యాకెట్టు మీద ఏం రాయాలో, ఎంత లావు అక్షరాల్లో రాయాలో చెప్పే యూరప్ నిబంధనలు రాసినవాడెవడో గానీ, అప్పట్లో నాకు ఎదురుపడి ఉంటే నాలుగు కడిగేసేదాన్ని. నెయ్యి అని రాస్తే చాలదట. పక్కనే పాలు అని రాసి, ఆ మాటని లావుగా అచ్చు వేయాలట. నెయ్యి పాలతో కాక ఇసకతో అవుతుందా? లేబుల్ తిరిగొచ్చిన ప్రతిసారీ కంప్యూటరు ముందు కూర్చుని తిట్టుకునేదాన్ని.

ఆ లేబుల్ నాది కాదు, ఆపాది. ఆపా అంటే ఉర్దూలో అక్క. హైదరాబాదు నుంచి పెళ్ళై సింగపూరు వచ్చి, హౌగాంగ్‌లో చిన్న బేకరీ పెట్టుకున్న మనిషి. తెలిసినవాళ్ళందరికీ ఆవిడ ఆపానే. లిటిల్ ఇండియాలో ఆవిడకొక కొట్టు కూడా ఉంది. నేను సెంగ్‌కాంగ్‌లో ఇంట్లో కూర్చునే ఆవిడ కాగితాల పని చూసిపెట్టేదాన్ని. ఒకరోజు నెదర్లాండ్స్ వ్యాపారి ఒకాయన ఆ కొట్టులో వెన్న బిస్కెట్టు తిని, దీన్ని మా దేశంలో అమ్ముతానన్నాడు. బేకరీ అప్పటికే ఈడుస్తూ నడుస్తోంది. ఆ ఆర్డరు నిలిస్తే బేకరీ నిలుస్తుంది, లేదంటే పొయ్యి ఆర్పేసుకోవడమే. ఆ సంగతి ఆపాకీ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే పళ్ళు బిగబట్టి వాళ్ళు చెప్పినట్టల్లా చేశాను. వెన్న ఏ ఊరి డెయిరీదో రుజువు పంపాను. కొందరి ఒంటికి పడని పదార్థాలు వాళ్ళ భాషలో లావుగా కనబడేలా పెట్టాను. 'బలానికి మంచిది' అని ఆపా ముచ్చటపడి రాయించుకున్న మాట కొట్టేయమన్నారు. బలానికి మంచిదని శాస్త్రవేత్తలు తేల్చారా అని అడిగారు. ఆపా పకపకా నవ్వింది.

"గింత బిస్కెట్కు గంత చదువా చెల్లె? తినేటోళ్ళు తింటరా, చదువుతరా?"

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎట్టకేలకు ఆ నెదర్లాండ్స్ వ్యాపారి లేబుల్ బాగుందన్నాడు. సరుకు ఓడెక్కింది, అక్కడి షాపుల్లోకి చేరింది.

ఒక సాయంత్రం పప్పుకి పోపు వేస్తుంటే ఆ వ్యాపారి వీడియో కాల్ చేశాడు. మళ్ళీ ఆర్డరు కాబోలని చెయ్యి తుడుచుకుని ఎత్తాను.

"మీ ప్యాకెట్లలో నువ్వులున్నాయి. లేబుల్ మీద నువ్వుల మాటే లేదు. షాపుల్లోంచి మొత్తం వెనక్కి తీయిస్తున్నాం" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా వెన్న బిస్కెట్టులో నువ్వుగింజ పడదు! పిండి, వెన్న, నెయ్యి, చక్కెర, ఉప్పు. అంతే. నెలల తరబడి ఒక్కొక్క మాటా నా చేత మార్పించినవాడివి, ఇప్పుడు లేని నువ్వులు పుట్టిస్తావా అని ఇంగ్లీషులో దులిపేశాను. మీ గోడౌన్‌లోనే ఇంకెవరి సరుకో కలిసి ఉంటుందన్నాను. పక్క గదిలోంచి మా అమ్మాయి కేకేసింది: "అమ్మా, చిల్ లా! నైబర్స్ అందరూ వింటారు!"

ఆయన సీలున్న ప్యాకెట్టు ఒకటి కెమెరా ముందు పెట్టి కత్తిరించి, బిస్కెట్లు బల్ల మీద పేర్చాడు. అన్నీ బంగారు రంగు వెన్న బిస్కెట్లు. అన్నిటికంటే పైన ఒకటి చిన్నది, గుండ్రంది, ఒళ్ళంతా నువ్వులు అద్దుకున్నది.

దాన్ని నేనెరుగుదును. ఆపా కొట్టులో అద్దాల సీసాలో ఉండేది అదే. ఆదివారాలు లిటిల్ ఇండియాకి వచ్చే కరీంనగర్ కుర్రాళ్ళు, కన్‌స్ట్రక్షన్‌లో పనిచేసేవాళ్ళు, ప్యాకెట్టు చేతిలో పడగానే "ఆపా, కొసరేది?" అనేవారు. ఆవిడ సీసాలోంచి ఒకటి తీసి పైన పెట్టేది. అడగనివాళ్ళకి కూడా పెట్టేది.

"నాలుగేళ్ళ పాప తిన్నది. నువ్వులు పడవు ఆ పిల్లకి. ఆసుపత్రిలో ఊపిరి అందక చాలా కష్టమైంది. ఇవాళే ఇంటికి పంపారు. వాళ్ళమ్మ లేబుల్ మొత్తం చదివి, నువ్వులు లేవని చూసుకునే కొన్నదట" అన్నాడు ఆయన.

పోపు మాడిపోయింది. స్టవ్ కట్టేసి చెప్పులేసుకున్నాను. హౌగాంగ్ దాకా బస్సులో కూర్చోలేక నిలబడే వెళ్ళాను. ఆ తల్లి షాపులో నిలబడి చదువుకున్నవి నేను రాసిన అక్షరాలు. మాట్లాడితే ఏడుస్తానేమోనని భయమేసింది. ఏడవడం కంటే తిట్టడం నయమనిపించింది.

నన్ను చూడగానే ఆపా మొహం విప్పారింది.

"అరె, నువ్వే వచ్చినవా! కొసరు నచ్చిందా ఆళ్ళకు?"

ఇంక ఆగలేకపోయాను.

"ఎవరు పెట్టమన్నారు ఆపా మిమ్మల్ని? ఎవరడిగారు కొసరు? నాకొక్క మాట చెప్పాలా వద్దా?"

"ఇందుల చెప్పేదేముందే? కొసరు లేకుంట ఎవలికన్న ఇచ్చిన్నా నేను? మొదటిసారి గంత దూరం పోతున్నయి. లెక్కవెట్టి పంపిస్తే ఇజ్జత్ ఏముంటది?"

"ఇజ్జత్ మంట్లో కలవా! ఒక పసిపిల్ల చావు తప్పి బయటపడింది! మీ కొసరు తినే!"

జరిగిందంతా చెప్పాను. నువ్వులు తిని మనిషి చచ్చిపోవడమేమిటో ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టూలు మీద కూలబడింది. నాకు జాలి కలగలేదు. ఆర్డరు పోయిందని, ఇంక యూరప్ మాట మరిచిపొమ్మని, బేకరీ సంగతి మీరే చూసుకొమ్మని కసి కొద్దీ చెప్పాను. అవేవీ ఆవిడ చెవికెక్కినట్టు లేవు.

"బిడ్డ ఎట్లుంది ఇప్పుడు?" అంది.

"ఇంటికొచ్చింది."

ఆపా లేచింది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. అటక మీంచి కొత్త అట్టపెట్టె దించి, లోపల తెల్లకాగితం పరవడం మొదలెట్టింది.

"ఏం చేస్తున్నారు?"

"నువ్వులు లేనియి చేస్త. కొత్త గిన్నె, కొత్త పిండి, అన్నీ కొత్తయే. ఆ బిడ్డకు పంపిద్దాం. మాఫీ అడగాలె గద."

"వద్దు!" అని అరిచాను. "మీ చేత్తో చేసింది ఇంకేదీ ఆ ఇంటి గడప తొక్కకూడదు! నేనే ఆ తల్లినైతే పెట్టె తెరవకుండా చెత్తలో పడేస్తాను!"

ఆపా చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. ఆ ఖాళీ పెట్టెలోకే చూసింది.

"మరేమియ్యాలె చెల్లె?" అంది. "నాకు గిదొక్కటే వస్తది గద."