పత్తి చుట్టిన నట్టు

మా మేస్త్రి పోయాడని నాకు ఫోన్ చేసి చెప్పింది ఒక మిరప రైతు. "భాయ్ ఇక లేడయ్యా. పొద్దున నమాజు చేసుకుని, కూర్చున్నోడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడంట" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగాడు. ఏంటని అడిగితే "ఏం లేదులే, నువ్వు రా" అని పెట్టేశాడు.

వరసగా రెండేళ్లు పత్తి దెబ్బకొట్టాక, ముప్పై రెండేళ్ల వయసులో, చిలకలూరిపేట రోడ్డు మీదున్న ఆయన మోటార్ సైకిళ్ల షాపుకు పని నేర్చుకోవడానికి వెళ్లాను. ఆయన నా చేతులు తిప్పి చూశాడు. "అరక పట్టినోడివి, బలం బానే ఉంది. దాంతోనే చిక్కు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మా వైపు రైతులు యూరియా కట్టను పెట్రోలు ట్యాంకు మీద అడ్డంగా వేసుకుని తెస్తారు. కట్టకు చిల్లుంటే పొడి కిందికి జారి, సైలెన్సర్ గొట్టాన్ని ఇంజనుకు బిగించే నట్ల మీద పడుతుంది. దానికి మంచు తోడైతే నట్టూ బోల్టూ కలిసి ఒకటే ముక్కవుతాయి. మేస్త్రి అలాంటి నట్టును చూడగానే రెంచి తీసేవాడు కాదు. జిన్నింగు మిల్లు నుంచి తెచ్చి పెట్టుకున్న పత్తిలో పిడికెడు తీసి, డీజిల్లో ముంచి, నట్టు మొదట్లో చుట్టి బొటనవేలితో అదిమేవాడు. "రేపు రా" అనేవాడు. బండివాళ్లు గోల పెట్టేవాళ్లు. "పదేళ్లు పట్టిన తుప్పు. ఒక్క రోజు ఆగలేవా?" అనేవాడు.

నేను ఆగలేకపోయాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన మసీదుకు వెళ్లాడు. ఆ సమయంలో, ఇప్పుడు ఫోన్ చేసిన ఈ రైతే బండి తోసుకుంటూ వచ్చాడు. సైలెన్సర్ గొట్టం ఇంజను దగ్గరే విరిగి వేలాడుతోంది. రైతు భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. మర్నాడు ఉదయం ఆరింటికల్లా గుంటూరులో డయాలసిస్. ఆ వేళకు వాళ్ల ఊరి నుంచి బస్సు లేదు. మేస్త్రి వచ్చేలోపు బండి సిద్ధం చేసి శభాష్ అనిపించుకోవాలని నాకు పుట్టింది బుద్ధి. రెంచికి ఇనుప పైపు తొడిగి, రెండు చేతులా లాగాను.

టక్ మంది. బోల్టు విరిగింది. ఇంజను హెడ్డు బయట గోరంత మొన మిగిలింది, తక్కినదంతా లోపలే ఉంది. రైతు వంగి ఆ మొనను వేలితో తడిమి చూశాడు.

మేస్త్రి వచ్చి చూశాడు. తిట్టలేదు. టోపీ తీసి జేబులో పెట్టుకుని, ముందు పెట్రోలు ట్యాంకు విప్పించి దూరంగా పెట్టించాడు. పక్క షాపులో వెల్డింగు చేసే ఆయన్ని పిలిచి, ఆ మొన మీద కొత్త నట్టు పెట్టి అతికించమన్నాడు. మొదటి అతుకు తిప్పగానే ఊడి కిందపడింది. మొనలో సగం దాంతోపాటే పోయింది. ఆ మిగిలింది కూడా పోతే డ్రిల్లు వెయ్యాలి. హెడ్డు అల్యూమినియం. డ్రిల్లు వెంట్రుకంత పక్కకు జారినా హెడ్డు పోయినట్టే, రేపటి ప్రయాణం పోయినట్టే.

రెండోసారి అతికించాక రెంచి నా చేతిలో పెట్టాడు.

"నా వల్ల కాదు, మేస్త్రిగారూ."

"ఇరిచింది నువ్వు, తీసేదీ నువ్వే. ముందు ఒక్క పిసరు బిగించు."

"బిగించడమేంటి? విప్పాలిగా!"

"చెప్పింది చెయ్రా. ఇప్పే ముందు బిగించు. కదిలిందా? ఆపు. ఇప్పుడు ఎనక్కి. ఆపు! ఎంత బలం పెట్టాలో ఎవుడికైనా తెలుసు, యాడ ఆపాలో తెలిసినోడే మేస్త్రి."

పిసరు ముందుకు, పిసరు వెనక్కి, మధ్యలో రెండు చుక్కలు నూనె. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. రైతు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. గంటకు పైగా గడిచాక లోపలెక్కడో కిర్రుమంది. మేస్త్రి నా భుజం మీద చెయ్యేశాడు. ఇంకో నాలుగు తిప్పులకు విరిగిన ముక్క నట్టుతోపాటే బయటికొచ్చింది. పొద్దుగూకేలోపు రైతు బండెక్కాడు.

నాకు ఈరోజు సొంత షాపు ఉందంటే, అది ఆ గంట పెట్టిన భిక్షే.

మేస్త్రికి మట్టి వేసి వాళ్లింటికి వచ్చాక రైతు గోడవారన తచ్చాడుతూ కనిపించాడు. మేస్త్రి భార్య అది గమనించి, షాపు తాళంచెవి తెచ్చి నాకిచ్చింది. "ఈయన బండి మొన్నటి నుంచీ లోపలే ఉందయ్యా. తెల్లారితే ఆయమ్మకు ఆస్పత్రి. ఆయనుంటే ముందు అదే చూసేవోడు" అంది. రైతు ఫోన్లో మింగేసిన మాట అదన్నమాట.

షట్టరు ఎత్తాను. బండి స్టాండు మీద ఉంది. ట్యాంకు విప్పి పక్కన పెట్టి ఉంది. ఆ నట్టుకే, మళ్లీ అదే యూరియా తుప్పు. దాని చుట్టూ పత్తి.

పత్తి తీసి, రెంచి పెట్టి, ఒక్క పిసరు బిగించాను. కిర్రుమంది. తర్వాత రెంచి అక్కర్లేకుండా వేళ్లతోనే వచ్చేసింది. పని ఆయనే చేసి వెళ్లాడు, నేను తీశానంతే. రైతు చూస్తుండగానే ఏడ్చాను.

తీసిన పత్తి నా ఎడమ అరచేతిలోనే ఉంది. డీజిలుతో ఇంకా తడిగా ఉంది. మధ్యలో ఆయన బొటనవేలు అదిమిన గుంట అలాగే ఉంది.