శ్రీనుగాడి "జస్ట్ ఎ స్క్రాచ్"

నిన్న పొద్దున టిఫిన్ తింటుంటే సెల్ మోగింది. శ్రీను వాళ్ల తమ్ముడు.

"అన్నా, శ్రీనన్న పోయాడు" అన్నాడు.

ఏ శ్రీను అని అడిగాను. బుద్ధి లేదు నాకు.

మన శ్రీనే. వినుకొండ శ్రీను. ధనుర్వాతమట.

ఈ రోజుల్లో ధనుర్వాతంతో పోతారా ఎవరైనా!

తొంభై ఎనిమిదిలో గుంటూరులో ఇద్దరం స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరాం. "జస్ట్ ఎ స్క్రాచ్" అంటే ఏంటో ఒకరోజు మాస్టారు చెప్పారు. దెబ్బ తగిలినవాడు ఎదుటివాళ్లు కంగారుపడకుండా "అబ్బే, కాస్త గీరుకుందంతే" అనే మాట. పెద్ద దెబ్బకి కూడా అంటారు, విన్నవాళ్లు మాత్రం గాయం చూడకుండా వదిలేయకూడదు అన్నారు.

మా వాడికి మొదటి సగమే ఎక్కింది. బండి మీంచి పడి మోచెయ్యి చెక్కుకుపోయినా అదే మాట. రక్తం కారుతుంటే నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం, వెధవలం.

మొన్నామధ్య వాళ్ల మిరప కల్లానికి వెళ్లాను. బస్తాలో దిగి కాయలు తొక్కుతున్నాడు, వట్టి కాళ్లతో. చెప్పులతో తొక్కితే లక్ష్మిని తొక్కినట్టేనని వాళ్లింటి పట్టింపు. బస్తా కుట్టే దబ్బనం ఎవరో లోపలే మర్చిపోయారు. తుప్పు పట్టింది. అరికాల్లో సగం దాకా దిగింది.

పీకి అవతల పారేశాడు. "జస్ట్ ఎ స్క్రాచ్‌రా" అని మళ్లీ బస్తాలోకి దిగాడు.

సాయంత్రానికి కాలు భగభగమంటోందన్నాడు.

"కారం మంటలేరా, పొద్దున్నకి పోద్ది" అన్నాను. నేనే అన్నాను. సీజన్‌లో మంట లేని కాలు మా వైపు ఎవరికుంటుంది? ఇంజెక్షన్ మాట ఒక్కడికీ తట్టలేదు.

వారం తర్వాత ఫోన్ చేశాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"దవడ పట్టేసిందిరా. నోరు తెరవలేకపోతున్నా."

"నీ నోరు మూతపడితే ఊరికి మంచిదేలే" అన్నాను.

వాడు నవ్వలేదు.

అప్పుడైనా నాకు భయం వెయ్యాలి కదా. వెయ్యలేదు.

మర్నాటికి నడుము విల్లులా వంగిపోయిందట. గుంటూరు పెద్దాసుపత్రిలో చీకటి గదిలో ఉంచారు. లైటు వేస్తే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోయేదట.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. వాడి భార్య పద్మ ఏడవడం లేదు. నన్నే చూస్తూ అడిగింది.

"అన్నయ్యగారూ, దబ్బనం దిగినప్పుడు మీరు పక్కనే ఉన్నారంటగా?"

ఉన్నానమ్మా అన్నాను.

వెళ్లిరారా శ్రీనూ. నన్ను క్షమించు. ఇకనైనా నొప్పి లేకుండా ప్రశాంతంగా పడుకో.