గురి చూసే గొడుగు

ప్రొద్దుటూరు తాలూకా ఆఫీసు గుమాస్తా యజ్ఞేశ్వరశర్మకు గొడుగు విప్పడం కన్నా మడిచి భుజానికి ఆనించుకోవడమే ఇష్టం. ఆఫీసుకు పోయే దారిలో ఆగి, ఎడమ కన్ను మూసి, కరెంటు స్తంభం మీది కాకికి గురి చూస్తాడు. కాకి ఎగిరిపోతే తనలో తాను నవ్వుకుని, పంచె సర్దుకుని కదులుతాడు. చైనా యుద్ధం వచ్చిన ఏడాది, ఊళ్లలో రైఫిల్ క్లబ్బులు పెడుతున్నారని పేపర్లో చదివినప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. ఒకనాడు బస్టాండు దగ్గరి టీకొట్టులో అడిగాడు: "తుపాకీ కాల్చడం నేర్పే క్లబ్బు యాడుందప్పా?" టీకొట్టాయన చేతిలోని గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "ఎవరి మీద సామీ?" "ఎవరి మీదా కాదప్పా! అట్ట మీద గుండ్రాలు గీసి పెడతారే, వాటి మీద." టీకొట్టాయన నమ్మినట్టే తలూపాడు.

మరునాటి పొద్దున శర్మ వాకిట్లో పొరుగింటి పెంచలయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తన మేకలు మందారాలను మేస్తున్నాయని శర్మ ఎంత మొత్తుకున్నా ఏనాడూ వినని మనిషి. "మేకల్ని దూరంగా కట్టేసినా సామీ. ఇంతదానికి తుపాకీ దాకా ఎందుకు? పిల్లలు గలోణ్ణి" అన్నాడు. శర్మకు నవ్వు రాబోయింది గాని, ఆ ఆఖరి మాటకు ఆగిపోయింది. క్లబ్బు కోసం వెతకడం ఆయన మానలేదు. పెంచలయ్య ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం, ఎండా వానా లేకపోయినా గొడుగు విప్పుకునే నడుస్తాడు.