కూర్చోబెట్టి చూపించిన రాజమండ్రి

రాజమండ్రి మాకు రెండు గంటల దారి. అయినా ఆసుపత్రికో, పెళ్లి బట్టలకో తప్ప ఎప్పుడూ వెళ్లింది లేదు. అందుకే అక్క "ఊరికే ఊరు చూసొద్దామే" అన్నప్పుడు సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది. నా ఎడమ కాలు కొంచెం పొట్టి. పెళ్లిచూపులకి వచ్చిన ప్రతివాళ్లూ "అమ్మాయిని ఓసారి నడవమనండి" అంటుంటే విసుగెత్తి, ఇక ఎవరి ముందూ కూర్చోనని తేల్చి చెప్పేశాను. నాకు తెలియకుండా ఎవరికీ చూపించనని అక్క నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఆ ఒట్టు నమ్మే అమలాపురంలో బస్సెక్కాను.

మ్యూజియంలో నేను రాతి విగ్రహాలు చూస్తుంటే అక్క ఫోను చూసుకుంటోంది. "నిలబడకే, ఆ బెంచీ మీద కూర్చో" అంది. కోటగుమ్మం దగ్గర సోడా కొట్టు అతన్ని అడిగి మరీ స్టూలు వేయించింది. స్కూల్లో రోజంతా నిలబడి పాఠాలు చెప్పేదాన్ని నేను! "ఊరు చూడ్డానికొచ్చామా, కుర్చీలు చూడ్డానికొచ్చామా?" అని కసిరాను. అక్క నవ్వలేదు. నా జడలో పూలు సర్ది ముందుకు వేసింది. మొదట వచ్చిన అనుమానం మళ్లీ లేచింది.

పుష్కర ఘాట్‌లో నీడ చూసి గట్టు మీద కూర్చోబెట్టింది. వంగి నా చీర కుచ్చెళ్లు పాదాల మీదకి లాగింది. ఎదురుగా గోదావరి, పాత వంతెన. ఏదీ నా కళ్లకి ఆనలేదు. ఇంతలో ఓ పెద్దాయన, పెద్దావిడ, వాళ్ల వెనక ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఒకతను వచ్చి మా పక్కనే ఆగారు.

"ఏ ఊరండీ మీది?" అంది పెద్దావిడ.

"అమలాపురమండీ," అంది అక్క, అప్పుడే చూసినట్టు.

"ఆయ్! మాది కొత్తపేట దగ్గరేనండి. ఊరికే గాలికని ఇలా వచ్చేం. మీ చెల్లెలుగారు స్కూల్లో పంతులమ్మ కదండీ?"

ఆ మాట వాళ్లకి మేం చెప్పలేదు. పెద్దాయన దగ్గాడు. అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

నాకు వాళ్ల మీద కోపం రాలేదు, అక్క మీద వచ్చింది. చిన్నప్పుడు నా నడకని వెక్కిరించిన పిల్లల్ని వీధిలో తరిమి కొట్టిన అక్క. నా కాలు చూసి సిగ్గుపడని మనిషి ఈ భూమ్మీద తనొక్కతే అనుకున్నాను.

లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "కూర్చోవే, నీకు దణ్ణం పెడతాను" అని గొణిగింది. విదిలించుకుని ఘాట్ చివరిదాకా నడిచాను. తొందరపడలేదు, రోజూ ఎలా నడుస్తానో అలాగే నడిచాను. తిరిగి వాళ్ల ముందుకే వచ్చి "ఇదండీ నా నడక" అన్నాను.

పెద్దాయన గోదావరి కేసి చూశాడు. పెద్దావిడ "అయ్యో, దాందేముందమ్మా" అంటూనే సంచీ భుజాన తగిలించుకుంది. అతను ఏదో అనబోయాడు. తల్లి అప్పటికే మెట్లెక్కుతోంది.

తిరుగు బస్సులో సీట్లు లేవు. కడ్డీ పట్టుకుని నిలబడి అక్క ఏడ్చింది. "ఒక్కళ్లయినా ముందు నీ మొహం చూస్తారనేనే. కాలు ఆ తర్వాత చూస్తే చూస్తారు."

జొన్నాడలో మా పక్కన ఒక సీటు ఖాళీ అయింది. అక్క కళ్లు తుడుచుకుని, అలవాటుగా "కూర్చోవే" అంది.

నేను కదల్లేదు. అక్కా కూర్చోలేదు. ఆ సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. అమలాపురం దాకా ఇద్దరం నిలబడే వచ్చాం, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా.