కారప్పిల్లి కూతలు

మా బజారులో కారం మర ఆడించే మామ బుధవారం పొద్దున పోయాడు. మసీదు మైకులో ఆయన పేరు చదివి, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అని చెప్పారు. ఆ సమయానికి మా కొట్టు ముందు టీ తాగుతున్న ఒక రైతు గ్లాసు చేతిలో ఉండగానే నవ్వాడు. "సాయిబు పోవటమేంది? బోరుతాబేలు ఎక్కి ఏ ఊరికో పోయుంటాడు. సాయంత్రానికి దిగుతాడులే" అన్నాడు. బోరుతాబేలు ఆ సాయిబు కథల్లోని జంతువే. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. నవ్వు అయిపోయాక గ్లాసులు కింద పెట్టి, తువ్వాళ్లు భుజాన వేసుకుని ఆయన ఇంటివైపే నడిచారు. కానీ ముందు నవ్వారు. ఆయన చావు కబురుకు కూడా మా బజారు మొదట నవ్వింది. ఈ సంగతి దాచిపెట్టి ఆయన గురించి ఎంత మంచిగా రాసినా నాకు సహించదు.

నేను మర పక్కనున్న పురుగుమందుల కొట్లో పద్దులు రాస్తాను. బడి చదువు తక్కువ. రోజూ జమాఖర్చు రాసుకోవడంతోనే రాత వచ్చింది, మాట మాత్రం అంతగా రాలేదు. మామకు, మాకు బంధుత్వం లేదు. వాళ్లు సాయిబులు, మేము వ్యవసాయం చేసుకునేవాళ్లం. మా అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది కాబట్టి ఆయన నాకు మామ, ఆయన భార్య నాకు అత్త.

మా వైపు ఎండాకాలం వచ్చిందంటే ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవాలి. ఆడవాళ్లు తొడిమలు తీసి, మిద్దెల మీద ఎండబెట్టిన కాయలను సంచుల్లో తెచ్చి మర ముందు వరస కట్టేవారు. లోపల మోటారు తిరుగుతుంటే బజారంతా తుమ్ములే. కళ్లల్లో నీళ్లు, గొంతులో మంట, చంకలో బిడ్డ, సగం వంటలో వదిలేసి వచ్చిన పొయ్యి. అలాంటి చోట తగువు పుట్టడం ఎంతసేపు? తగువు పుట్టకుండా ఆయన కథ చెప్పేవాడు. కనురెప్పల మీద కూడా కారం పేరుకున్న మనిషి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మర గడపలోకి వచ్చి నిలబడేవాడు. కథ కోసం ఆ గుడ్డ కిందికి లాగేవాడు.

"ఏందక్కా, మీ కాయల్లో తాలు ఎక్కువుందే?"

"మా చేను అంతేలే సాయిబన్నా."

"చేను తప్పు కాదక్కా. మీ చేలోకి కారప్పిల్లి వస్తాంది."

రంగు పోయి తెల్లబారిన మిరపకాయను తాలు అంటాం. అది ఎందుకు వస్తుందో చదువుకున్నవాళ్లు ఏవేవో చెబుతారు. మామ లెక్క వేరు.

"మొన్న దర్శి కాడ నా కళ్లారా చూశా. కుంకుమ రంగు పిల్లి. తోక ఉండదు, తోక ఉండాల్సిన చోట పచ్చటి తొడిమ. ఎలకల జోలికి పోదు. చేలో దిగి కాయకున్న ఎరుపంతా నాకేసి, కాయని కాయలాగే ఉంచి పోయిద్ది. మనం పోయి చూస్తే తాలు."

"మరి పట్టుకోలేకపోయావా?"

ఇక్కడ ఆయన ఆగేవాడు. వరసలో ఉన్న మొహాలన్నీ ఒకసారి చూసేవాడు. తుమ్మబోయిన మనిషి కూడా తుమ్ము ఆపుకునేది.

"పట్టుకున్నానక్కా. తొడిమ ఊడి చేతికొచ్చింది. పిల్లి పోయింది."

ఇలాంటివి ఆయన దగ్గర చాలా ఉండేవి. బోరుతాబేలు భూమి లోపల నీళ్లమూట వీపున వేసుకుని తిరుగుతుంది. బోరు బండి చప్పుడు వినపడగానే మూట ఎత్తుకుని పక్కవాడి చేలోకి పోతుంది. అందుకే మనకు రాయి పడుతుంది, వాడికి నీళ్లు పడతాయి. పత్తికుందేలు కాయలో పుడుతుంది, దూది పగిలినప్పుడు బయటకు దూకుతుంది. వానలో తడిస్తే బరువెక్కి పరుగెత్తలేదు. కొనేవాడు తేమ చూసే మిషను తెస్తే మాత్రం చెవులు ముడుచుకుని గోతాం అడుగుకు పోయి పడుకుంటుంది. పత్తి మీద నీళ్లు చల్లి తెచ్చే రైతులు ఈ కథకు అందరికంటే గట్టిగా నవ్వేవారు.

"అబద్ధం చెప్పేవాడు ఊరి పేరు మాత్రం నిజం చెప్పాలి అల్లుడూ" అనేవాడు నాతో. "అదీ అబద్ధమైతే వినేవాడు కాలు ఎక్కడ మోపుతాడు?"

ఆ కథలు ఊసుపోకకు మాత్రమే అనుకుంటే పొరపాటు. తామరపురుగు పడి మా మిరప చేను మొత్తం ముడుచుకుపోయిన ఏడు, మా నాన్న అన్నం మానేశాడు. గట్టు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇంట్లో మాకు భయం పట్టుకుంది. ఆ రోజుల్లో పురుగుమందు డబ్బా ఉన్న గదికి అమ్మ తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుని తిరిగేది. మామ మర ఆపుకుని వచ్చాడు. నాన్న పక్కన గట్టు మీదే కూర్చున్నాడు.

"బావా, నీ చేలో పురుగు పడలేదయ్యా. కారప్పిల్లికి పెళ్లయింది. చుట్టాలందరినీ నీ చేలోకే భోజనానికి పిలిచింది."

నాన్న తిట్టాడు. "పో అవతలికి సాయిబూ. నవ్వులాటగా ఉందా నీకు?"

"నాకేం నవ్వులాట? పిలుపు నాకూ వచ్చింది. నేను మాంసం లేందే రానన్నా."

నాన్న ఇంకా గట్టిగా తిట్టాడు. తిట్టడానికి నోరు తెరిచాడు, అంతే మాకు కావాల్సింది. ఆ పూట ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు. మా ఇంటికి ఆ పిల్లి చేసిన మేలు అది. దాన్ని నేను మరవలేదు. మరవలేదు కాబట్టే మిగతాది చేదుగా ఉంటుంది.

మర వెనక గోడకు ఒక పెద్ద కిటికీ ఉండేది. లోపల లేచిన కారం ఆ కిటికీలోంచి పొలాల వైపు పోయేది. షావుకారు, అంటే మర సొంతదారు, వెనక గోడౌను కట్టుకున్నప్పుడు ఆ కిటికీని ఇటుకలతో మూసేశాడు. ఆ తర్వాతి ఎండాకాలం నుంచి మామకు దగ్గు మొదలైంది. గాలి బయటకు లాగే ఫ్యాను ఒకటి పెట్టిస్తే చాలు. ఆ మాట అడగడానికి ఆయన షావుకారు దగ్గరికి వెళ్లిన రోజు నేను కొట్టు అరుగు మీదే ఉన్నాను.

"అయ్యా, కారప్పిల్లి మరలో ఇరుక్కుపోయిందండి. ఇదివరకు కిటికీలోంచి పోయేది. ఇప్పుడు దారి లేక నా గుండెల మీదకెక్కి కూర్చుంటాంది. దానికో ఫ్యాను పెట్టించండి. ఆ రెక్కల సందులోంచి దూకి పోయిద్ది."

షావుకారు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. లోపలున్న బావమరిదిని కేకేశాడు. "ఒరేయ్, ఇటు రారా. సాయిబు కొత్తది తెచ్చాడు. చెప్పు సాయిబూ, మళ్లీ చెప్పు." మామ మళ్లీ చెప్పాడు. రెండోసారి ఇంకా బాగా చెప్పాడు. బావమరిది చప్పట్లు కొట్టాడు. ఫ్యాను రాలేదు.

"సూటిగా అడగొచ్చుగా మామా?" అన్నాను ఆ సాయంత్రం.

"సూటిగా అడిగితే సూటిగా లేదంటాడు అల్లుడూ. నవ్వుతున్న మనిషి మెత్తబడతాడు."

ఆయన చెప్పిన అబద్ధాలన్నింటిలో పెద్దది అదే. అది అబద్ధమని ఆయనకే తెలియలేదు.

కథ మాత్రం షావుకారుకు పనికొచ్చింది. కారం పొడి ప్యాకెట్లు కట్టి అమ్మడం మొదలుపెట్టి, వాటి మీద ఎర్ర పిల్లి బొమ్మ వేయించాడు. తోక చోట తొడిమ. షావుకారు కొడుకు మామను మర ముందు నిలబెట్టి సెల్‌ఫోనులో వీడియోలు తీసేవాడు. అప్పటికే మామ ఒక్క ఊపిరిలో నాలుగు మాటలు చెప్పలేకపోతున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఆగేవాడు. ఇదివరకు నవ్వు కోసం ఆగేవాడు, ఇప్పుడు గాలి కోసం ఆగుతున్నాడు. చూసేవాళ్లకు రెండూ ఒకటే. "టైమింగ్ అంటే సాయిబు తాతదే" అని వీడియో కింద రాశారు. "ఆయన గ్యాప్ ఇచ్చాడంటే నవ్వు ఆగదు" అని ఇంకొకరు.

చివరికి మా ఊరి ఆరెంపీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అక్కడ ఆయన కథ చెప్పలేదు. సూటిగా, అందరూ చెప్పినట్టే చెప్పాడు.

"ఛాతీలో పిల్లికూతలు వస్తాన్నాయి డాక్టరుగారూ."

ఆయాసానికి లోపల చప్పుడు వస్తే పిల్లికూతలు అనే కదా అంటాం. చంటిబిడ్డకు జలుబు చేస్తే ఏ తల్లైనా అనే మాటే. ఇంకెవరు అన్నా డాక్టరు చెవులకు గొట్టం పెట్టుకునేవాడు. మామ నోట్లోంచి వచ్చేసరికి మందులబ్బాయితో సహా గది గదంతా నవ్వింది.

"నీ కారప్పిల్లేనా సాయిబూ? పిల్లల్ని కూడా పెట్టిందా?"

మామ నావంక చూశాడు. నేను "నిజంగానేనండి" అన్నాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. డాక్టరు కళ్లు తుడుచుకుని, దగ్గు మందు సీసా ఇచ్చి పంపించాడు. దారిలో బజారు మలుపు దగ్గర మామ ఆగి, "ఆ మాటకు ఇంకో మాట లేదా అల్లుడూ మన తెలుగులో?" అని అడిగాడు.

ఆ తర్వాత ఒకసారి షావుకారును కూడా సూటిగా అడిగాడట. అత్త చెప్పింది. "అయ్యా, ఊపిరి ఆడట్లేదు, ఫ్యాను పెట్టించండి" అంటే, షావుకారు కాసేపు చూసి, "ఏంది సాయిబూ, ఇందులో నవ్వెక్కడుంది?" అన్నాడట.

గుంటూరు ఆస్పత్రికి పోయేసరికి ఆలస్యమైంది. అక్కడి డాక్టరమ్మకు పిల్లి కథ తెలియదు. ఎక్స్‌రే ఫిల్ము దీపానికి ఎదురుగా పెట్టి చూసి, "ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా?" అని కోప్పడింది.

"అందరికీ చెప్పాడమ్మా" అంది అత్త.

బుధవారం మధ్యాహ్నం షావుకారు కూడా వచ్చాడు. నిజంగానే కళ్లు తడిగా ఉన్నాయి. జనాజా లేవడానికి ఇంకా టైముంది. వేపచెట్టు నీడలో కుర్చీలు వేస్తే కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లకు మామ గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాడు. చివరకు ఫ్యాను కథ దగ్గరికొచ్చాడు. పిల్లి గుండెల మీదకెక్కిందని, రెక్కల సందులోంచి దూకుతుందని మామ లాగే చేతులు తిప్పుతూ చెప్పాడు. జనం నోళ్లకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని నవ్వారు. లోపల ఆడవాళ్ల మధ్య కూర్చున్న అత్త లేచి గుమ్మం దాకా వచ్చింది.

"అయ్యా, అది కథ కాదండి. ఆయన మిమ్మల్ని ఫ్యాను అడిగాడండి."

నోళ్ల మీది తువ్వాళ్లు కిందికి దిగాయి. షావుకారు తిప్పుతున్న చేతులు దించి, "అదేందమ్మా, నాకు సరిగ్గా చెప్తే పెట్టించనా?" అన్నాడు. అబద్ధం ఆడుతున్నట్టు కూడా లేదు. అది ఆయన నమ్మకం. అత్త లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట విన్నాక నాకు మామ ఖననం కంటే, అంతకుముందు వారం ఆయన ఇంటి ముందు గడిచిన ఒక సాయంత్రమే ఎక్కువగా గుర్తొస్తోంది. గుంటూరు నుంచి తీసుకొచ్చాక ఆయన్ను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టేవారు. మర దగ్గర వరస కట్టే ఆడవాళ్లు కొందరు పలకరించడానికి వచ్చారు. నేనూ వెళ్లాను. బత్తాయిలు తెచ్చారు, ఎలా ఉందని అడిగారు, మాటలు అయిపోయాయి. వెళ్లబోతూ ఒకావిడ, "ఒక్కటి చెప్పు సాయిబన్నా, నీ కథ వినక చెవులు తుప్పు పట్టినై" అంది. మంచి మనసుతోనే అంది. అత్త వద్దన్నట్టు చూసింది. ఆయన మాత్రం నిటారుగా కూర్చున్నాడు. మొహంలోకి పాత వెలుగు కొంచెం వచ్చింది.

"సింగరాయకొండ దాటాక, హైవే పక్కన..." అన్నాడు. "ఒక జంతువుంది. దానికి..."

ఆగాడు.

లేచిన ఆడవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిద్ధంగా ఉంది. బిడ్డను భుజాన వేసుకుని ఊపుతున్నామె ఊపడం ఆపింది. ఆయన కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుని, భుజాలు పైకెత్తి, నోరు తెరిచి, మమ్మల్నందరినీ ఒక్కొక్కరినే చూశాడు. అత్త నీళ్ల చెంబుతో గబగబా వస్తోంది.

"ఊఁ, దానికి?" అని ఎవరో మెల్లగా అందించారు.

మేమంతా మొహాల మీదకు నవ్వు తెచ్చుకుని, ఆయన నోటివంకే చూస్తూ కూర్చున్నాం.