బేసినెడు నీళ్లు

ముదిగుబ్బ బస్టాండు పక్కన తిప్పేష్‌ది పంచరు అంగడి. ఆ కరువు ఏడాది అతనికి గాలికి కొదవ లేదు, నీళ్లకే వచ్చింది చిక్కంతా. పంచరు ఎక్కడుందో తెలియాలంటే ట్యూబును నీళ్లలో ముంచాలి కదా! ట్యాంకరు దగ్గర నలుగురితో తిట్లు తిని తెచ్చుకున్న బేసినెడు నీళ్లతోనే, అవి బురదగా మారినా సరే, వారమంతా నెట్టుకొచ్చేవాడు.

ఆ మధ్యాహ్నం గొర్రెల బయ్యన్న లావు టైర్ల కొత్త సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. వెనకే మంద.

"ఏమన్నా, తుమ్మముల్లు దిగదని లావు టైర్లది కొంటి. పొద్దున కొట్టించిన గాలి మధ్యాన్నానికి ల్యాకపాయె."

తిప్పేష్ ట్యూబు బయటికి లాగి తిరిగి చూసేసరికి బేసిన్ ఖాళీ. పక్కనే ఒక గొర్రె మూతి నాక్కుంటోంది.

"నీ గొర్రె మొగం మండ! వారం నీళ్లప్పా అవి! ఇంగ పంచరు యాడుండాదో దాన్నే అడుగు పో!"

"దానికేం తెలుసన్నా. దప్పికై తాగినాది."

ఆ మాటకు తిప్పేష్‌కు ఇంకా మండింది. తిట్టుకుంటూనే ట్యూబుకు గాలి కొట్టి, చెంపకు ఆనించి మెల్లగా తిప్పాడు. ఒకచోట సన్నగా, చల్లగా తగిలింది. ఆ ఎండాకాలం మొత్తంలో అతని మొహానికి తగిలిన చల్లగాలి అదొక్కటే. దాన్నీ తన చేత్తోనే మూసేయాలి.

"దొరికినాదా అన్నా?" అడిగాడు బయ్యన్న.

"ఇంకా ల్యా!" అని కసిరాడు తిప్పేష్, చెంప తీయకుండానే.